పైలట్ డ్యూటీ టైమ్ అయిపోయిందంటే ఏమిటి? విమాన సిబ్బంది పని గంటలు, విశ్రాంతి నిబంధనలపై తరచుగా అడిగే ప్రశ్నలు

2025 డిసెంబరు మొదటి వారం దాకా ఎఫ్‌డీటీఎల్ అనే మాట విమానయాన రంగంలో ఉన్నవాళ్లకి తప్ప బయట పెద్దగా ఎవరికీ తెలియదు. ఆ వారం ఇండిగో విమానాలు వేలల్లో రద్దయి, శంషాబాద్‌లో, బెంగళూరులో, ఢిల్లీలో ఎయిర్‌పోర్టు నేల మీద సామాన్లు పెట్టుకుని కూర్చున్న వాళ్లందరి నోటా అదే మాట. అప్పుడు వినిపించిన వాదనల్లో సగం నిజాలు చాలా ఉన్నాయి. ఇక్కడ చెప్పేవి ముఖ్యంగా మన దేశంలో పైలట్లకు వర్తించే నిబంధనలు. అవసరమైన చోట అమెరికా, యూరప్ సంగతులూ వస్తాయి.

అసలు ఎఫ్‌డీటీఎల్ అంటే ఏమిటి? ఎవరు పెట్టారు?

ఫ్లైట్ డ్యూటీ టైమ్ లిమిటేషన్స్. పైలట్ ఎంతసేపు పని చేయవచ్చు, మళ్లీ డ్యూటీ ఎక్కే ముందు ఎంత విశ్రాంతి తీసుకోవాలి అన్నది చెప్పే నిబంధనలు. మన దేశంలో వీటిని పెట్టేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. అందరూ సీఏఆర్ (సివిల్ ఏవియేషన్ రిక్వైర్‌మెంట్స్) అని పిలిచే నిబంధనల్లో సెక్షన్ 7, సిరీస్ జె కింద ఇవి ఉంటాయి. వీటికి లోబడి ప్రతి విమానయాన సంస్థ తన సొంత స్కీమ్ రాసుకుని డీజీసీఏ ఆమోదం తీసుకోవాలి. ఆ స్కీమ్ నిబంధన కన్నా కఠినంగా ఉండొచ్చు గానీ సడలింపుగా ఉండకూడదు.

పైలట్ రోజుకి ఎనిమిది గంటలే కదా నడిపేది? ఆఫీసులో మేమూ అంతే చేస్తాం.

ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే మిగతావన్నీ సులువు. పైలట్ విషయంలో ఒకేసారి మూడు లెక్కలు నడుస్తుంటాయి.

మొదటిది ఫ్లైట్ టైమ్. విమానం టేకాఫ్ కోసం కదలడం మొదలుపెట్టినప్పటి నుంచి, దిగి పూర్తిగా ఆగేదాకా. ఎనిమిది గంటలు అని మీరు విన్నది దీని గురించే.

రెండోది ఫ్లైట్ డ్యూటీ పీరియడ్, ఎఫ్‌డీపీ. పైలట్ ఎయిర్‌పోర్టులో రిపోర్ట్ చేసిన నిమిషం నుంచి, ఆ రోజు ఆఖరి ట్రిప్పు పూర్తయి ఇంజిన్లు ఆపేదాకా. వాతావరణం చూసుకోవడం, ఇంధనం లెక్క తేల్చుకోవడం, రెండు ట్రిప్పుల మధ్య గ్రౌండ్ మీద ఎదురుచూడటం అన్నీ ఇందులోకి వస్తాయి.

మూడోది మొత్తం డ్యూటీ. ఇంజిన్లు ఆపాక చేసే పేపర్ పని, ఆఫీసు పని, సిమ్యులేటర్ ట్రైనింగ్, కంపెనీ పంపిన చోటికి ప్రయాణికుడిలా వెళ్లడం కూడా ఇందులో కలుస్తాయి.

మూడింటికీ వేరువేరు పరిమితులు. ఏ ఒక్కటి దాటినా నడపకూడదు. నడిపింది ఐదు గంటలే అయినా ఎఫ్‌డీపీ అయిపోవచ్చు. ఎయిర్‌పోర్టులో మనకి ఎదురయ్యే కేసుల్లో ఎక్కువ ఇవే.

పొగమంచు వల్ల విమానం నాలుగు గంటలు నిలబడిపోయింది. పైలట్ ఊరికే కూర్చున్నాడు కదా, అది కూడా లెక్కేనా?

లెక్కే. రిపోర్ట్ చేశాక గడియారం ఆగదు. తెల్లవారుజామున 5 గంటలకి రిపోర్ట్ చేసిన పైలట్ ఢిల్లీ మంచులో 10 దాకా కదలకపోతే, అతని రోజులో ఐదు గంటలు అప్పటికే పోయాయి. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో మంచు విడిపోయాక కూడా ఫ్లైట్లు క్యాన్సిల్ అవుతుంటాయి. ఎండ కాస్తోంది, విమానం రెడీగా ఉంది, ఇప్పుడేంటి అని జనం అడుగుతారు. విమానం రెడీయే, నడపాల్సిన మనిషి గంటలు అయిపోయాయి.

మరి ఎఫ్‌డీపీ గరిష్ఠంగా ఎన్ని గంటలు?

ఒక్క అంకె చెప్పలేం. ఎన్ని గంటలకి డ్యూటీ మొదలైంది, ఎన్ని ల్యాండింగులు, ఎంతమంది పైలట్లు అన్నదాన్ని బట్టి మారుతుంది. ఇద్దరు పైలట్లతో పగటిపూట నడిపే విమానానికి సుమారు 11 నుంచి 13 గంటల మధ్య ఉంటుంది. ల్యాండింగులు పెరిగే కొద్దీ పరిమితి తగ్గుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ, తిరుపతి, రాజమండ్రి లాంటి చోట్లకి ఏటీఆర్ అనే చిన్న విమానాల మీద రోజంతా దిగుతూ ఎక్కుతూ ఉండే పైలట్‌కి ఈ నియమం బాగా తగులుతుంది. గాల్లో ఉన్న సమయం తక్కువే. కానీ ఒళ్లు అలిసేది టేకాఫ్, ల్యాండింగ్ దగ్గరే కదా.

పెద్ద లెక్కలూ ఉన్నాయి. వరుసగా ఏ 7 రోజులు తీసుకున్నా ఫ్లైట్ టైమ్ 35 గంటలు దాటకూడదు, 365 రోజుల్లో 1,000 గంటలు దాటకూడదు. సంవత్సరం చివరికొచ్చేసరికి కొందరు పైలట్లు ఈ వెయ్యికి దగ్గరపడతారు, కంపెనీకి టెన్షన్ మొదలవుతుంది.

రాత్రి డ్యూటీకి వేరే నిబంధనలు ఎందుకు?

రాత్రి 2 నుంచి ఉదయం 6 దాకా మన శరీరం పూర్తిగా నిద్ర వైపు మొగ్గి ఉంటుంది. పగలంతా బాగా పడుకుని వచ్చినవాడికి కూడా ఆ నాలుగు గంటల్లో చురుకుదనం పడిపోతుంది. విమానయాన భాషలో దీన్ని విండో ఆఫ్ సర్కాడియన్ లో అంటారు. కాఫీతో, పట్టుదలతో దీన్ని గెలవొచ్చు అనుకోవడం ఉత్త భ్రమ.

మన దేశంలో దీనికి గుర్తుండిపోయే ఉదాహరణ మంగళూరు. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737 విమానం ఉదయం 6 గంటలు దాటాక మంగళూరు టేబుల్‌టాప్ రన్‌వే (కొండ పైభాగంలో చదునుగా ఉన్న రన్‌వే) మీద చాలా ముందుకు వెళ్లి దిగింది, ఆగలేక లోయలోకి దూసుకుపోయింది. 158 మంది చనిపోయారు, 8 మంది బతికారు. విచారణలో కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ విన్నప్పుడు, మొదటి గంటా నలభై నిమిషాల దాకా మాటలు దాదాపు లేవు, గురక శబ్దం మాత్రం ఉంది. కెప్టెన్ నిద్రలేచింది దిగే ముందు. గాఢనిద్రలోంచి లేచిన మనిషికి కాసేపు తల పనిచేయదు. ఎత్తు ఎక్కువగా ఉందని, మళ్లీ పైకి వెళ్లిపోదామని కో-పైలట్ చెప్పినా కెప్టెన్ వినలేదు. దిగడం ఆపకపోవడమే ప్రత్యక్ష కారణమని విచారణ తేల్చింది, ఆ నిద్ర మత్తునీ ఆ వేళనీ దోహదం చేసిన కారణాల్లో చేర్చింది.

గల్ఫ్ నుంచి తెల్లవారుజామున దిగే విమానాల్లో మనవాళ్లు ఎంతమంది వస్తుంటారో కరీంనగర్, నిజామాబాద్, కడప వాళ్లకి చెప్పక్కర్లేదు. ఈ రాత్రి నిబంధన వాళ్ల ప్రాణానికి సంబంధించినది.

2024లో వచ్చిన కొత్త నిబంధనల్లో ఏం మారింది?

డీజీసీఏ 2024 జనవరి 8న సవరణ విడుదల చేసింది. ముఖ్యమైన మార్పులు ఇవి:

- వారాంతపు విశ్రాంతి (వారానికోసారి తప్పక ఇవ్వాల్సిన విశ్రాంతి) 36 గంటల నుంచి 48 గంటలకి పెరిగింది.
- రాత్రి అంటే ఇంతకుముందు అర్ధరాత్రి 12 నుంచి 5 దాకా. ఇప్పుడు 6 దాకా.
- రాత్రిలోకి చొరబడే డ్యూటీలో ల్యాండింగులు రెండుకి మించకూడదు. పాత నిబంధనలో ఆరు దాకా కుదిరేవి.
- అలాంటి డ్యూటీలో ఫ్లైట్ టైమ్ 8 గంటలు, ఎఫ్‌డీపీ 10 గంటలు దాటకూడదు.
- వరుసగా రెండు రాత్రి డ్యూటీలకి మించి వేయకూడదు.
- పైలట్ల అలసట మీద సంస్థలు మూడు నెలలకోసారి డీజీసీఏకి నివేదిక ఇవ్వాలి.

ఆరు అన్న అంకె దగ్గర ఆగి ఆలోచించండి. ఒక్క రాత్రి డ్యూటీలో ఆరుసార్లు దిగడం! దాన్ని రెండుకి తెస్తే సంస్థలు గోలపెట్టాయి. నా దృష్టిలో అడగాల్సిన ప్రశ్న అది ఇన్నాళ్లు ఆరుగా ఎలా నడిచిందని.

ఐదు, ఆరు మధ్య ఒక్క గంట తేడాకి ఇంత గొడవేమిటి?

తెల్లవారి తొలి ఫ్లైట్లన్నీ ఆ గంటలోనే ఉన్నాయి. 5:15కి మొదలయ్యే డ్యూటీ పాత లెక్కలో పగటి డ్యూటీ. కొత్త లెక్కలో రాత్రి డ్యూటీ, అంటే రెండే ల్యాండింగులు. ఉదయాన్నే బయల్దేరి మధ్యాహ్నానికి నాలుగు ట్రిప్పులు తిరిగే పైలట్ ఇప్పుడు రెండింటికే ఆగాలి. మిగతా రెండింటికి ఇంకో జంట పైలట్లు కావాలి.

హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లి అదే పైలట్లు వెంటనే తిరిగి రావచ్చా?

లెక్క వేసి చూద్దాం. రాత్రి 10కి రిపోర్ట్, 11కి బయల్దేరారు అనుకోండి. వెళ్లడానికి సుమారు 4 గంటలు, అక్కడ గంటా పావు, తిరిగి రావడానికి మూడున్నర. ఫ్లైట్ టైమ్ ఏడున్నర గంటలు, పరిమితి 8, సరిపోయింది. ల్యాండింగులు రెండు, సరిపోయాయి. ఎఫ్‌డీపీ తొమ్మిది గంటల 45 నిమిషాలు, పరిమితి 10. మిగిలింది పావుగంట. దుబాయ్‌లో ఓ ప్రయాణికుడు బోర్డింగ్‌కి రాక అతని బ్యాగు వెతికి దింపాల్సి వస్తే చాలు, ఆ పావుగంట హుష్. కాగితం మీద కుదిరే రోస్టర్‌కీ (ఎవరికి ఎప్పుడు డ్యూటీ అన్న పట్టిక) రోజూ నడిచే రోస్టర్‌కీ తేడా ఇదే. తెలివైన సంస్థ అలాంటి చోట పైలట్లకి అక్కడే హోటల్ ఇచ్చి మర్నాడు తీసుకొస్తుంది. దానికి ఖర్చవుతుంది.

డ్యూటీకీ డ్యూటీకీ మధ్య ఎంత విశ్రాంతి?

ముందు చేసిన డ్యూటీ ఎంతసేపో అంత, లేదా 12 గంటలు, ఏది ఎక్కువైతే అది. టైమ్ జోన్లు దాటిన ప్రయాణాలకి ఇంకా ఎక్కువ: 3 నుంచి 7 టైమ్ జోన్లు దాటితే 14 గంటలు, 7 దాటితే 36 గంటలు.

12 గంటలంటే చాలానే అనిపిస్తుంది. ఇంటికి చేరడం, తినడం, పిల్లల్ని చూడటం, మళ్లీ స్నానం చేసి యూనిఫాం వేసుకుని ఎయిర్‌పోర్టు దారి పట్టడం అన్నీ అందులోంచే పోవాలి. బెంగళూరు, హైదరాబాద్ ట్రాఫిక్ తెలిసినవాళ్లు నిద్రకి ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి.

వారాంతపు విశ్రాంతి అంటే ఆదివారం సెలవు లాంటిదా? లీవ్‌తో దానికి సంబంధం ఏమిటి?

ఏ రోజైనా కావచ్చు. ఏకబిగిన 48 గంటలు ఉండాలి, అందులో రెండు రాత్రులు ఇమడాలి. ఒక వారాంతపు విశ్రాంతి ముగిసి తర్వాతది మొదలయ్యేలోపు 168 గంటలకి మించి గ్యాప్ ఉండకూడదు.

లీవ్ సంగతి వివాదమైంది. పైలట్ తన సొంత లీవ్ పెట్టుకుంటే దాన్నే వారాంతపు విశ్రాంతిగా చూపించకూడదని డీజీసీఏ మొదట చెప్పింది. న్యాయమైన మాట. 2025 డిసెంబరు 5న గందరగోళం మధ్యలో ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. పైలట్ల సంఘాలకి ఎక్కువ కోపం వచ్చింది ఇక్కడే.

యూనిఫాంలో ఉన్న పైలట్లు ప్రయాణికుల సీట్లలో కనిపిస్తారు. అది డ్యూటీయా, విశ్రాంతా?

డ్యూటీ. దాన్ని పొజిషనింగ్ అంటారు, మాటల్లో డెడ్‌హెడ్. అది ఫ్లైట్ టైమ్‌లో రాదు. కానీ అలా వెళ్లి దిగి వెంటనే విమానం నడపాలంటే ఆ ప్రయాణం కూడా ఎఫ్‌డీపీలో కలుస్తుంది. సీట్లో నిద్రపోతూ వచ్చినా విశ్రాంతి కింద లెక్కకట్టరు.

మన దేశం నుంచి అమెరికాకి పదిహేను, పదహారు గంటల విమానం ఎలా నడుపుతారు?

ఇద్దరు కాదు, ముగ్గురో నలుగురో పైలట్లు ఎక్కుతారు. వంతులవారీగా పడుకుంటారు. ఎలాంటి చోట పడుకుంటారన్నదాన్ని బట్టి ఎఫ్‌డీపీ ఎంత పెరగొచ్చో నిర్ణయిస్తారు. ప్రయాణికులకి దూరంగా ప్రత్యేక గదిలో బంకు ఉంటే ఎక్కువ, వెనక్కి వాలే సీటు మాత్రమే ఉంటే తక్కువ. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో పండగే పండగ. అంత దూరం నడవాలంటే టికెట్లు అమ్ముడైతే సరిపోదు, ఒక్కో ట్రిప్పుకి నలుగురు పైలట్లని, వాళ్లకి అక్కడ తగినంత విశ్రాంతిని సర్దాలి.

కాక్‌పిట్‌లో పైలట్ కాసేపు కునుకు తీయొచ్చా?

దేశాన్ని బట్టి. యూరప్‌లో కంట్రోల్డ్ రెస్ట్ పేరుతో ఒప్పుకుంటారు: ఒకరే, ముందే చెప్పి, కొద్ది నిమిషాలు, రెండోవాళ్లు పూర్తిగా మేలుకుని ఉండగా. అమెరికాలో ఒప్పుకోరు. చెప్పకుండా వచ్చే నిద్ర వేరు. 2024 జనవరి 25న ఇండొనేషియాలో కెందారి నుంచి జకార్తాకి వెళ్తున్న బాతిక్ ఎయిర్ విమానంలో ఇద్దరు పైలట్లూ ఒకేసారి 28 నిమిషాల పాటు నిద్రపోయారు. విమానం దారి తప్పింది, 153 మంది ప్రయాణికులూ క్షేమంగా దిగారు. కో-పైలట్ ఇంట్లో నెల వయసున్న కవలలు, సరైన నిద్ర లేదు. రోస్టర్ కాగితం ఈ సంగతి చూడలేదు, ఏ నిబంధనా చూడలేదు. అందుకే అలసిపోయానని చెప్పే హక్కు పైలట్‌కి భయం లేకుండా ఉండాలి.

పరిమితి దాటేది గంటలోపే కదా, కెప్టెన్ సర్దుకుని నడిపేయొచ్చు కదా?

అనుకోని పరిస్థితుల్లో కొంత పొడిగింపుకి వీలుంది. కానీ అది కెప్టెన్ నిర్ణయం. తన ఒంటి పరిస్థితి, తోటి సిబ్బంది పరిస్థితి చూసుకుని ఒప్పుకోవాలి, తర్వాత రిపోర్ట్ రాయాలి. కంపెనీ ఒత్తిడి చేయకూడదు, ప్రయాణికులు అరిచి ఒప్పించకూడదు. ముందే తెలిసిన ఆలస్యానికి దీన్ని వాడటం తప్పు.

2024 జనవరి 14న ఢిల్లీ నుంచి గోవా వెళ్లాల్సిన ఇండిగో విమానంలో ఆలస్యం గురించి ప్రకటన చేస్తున్న కో-పైలట్‌ని ఒక ప్రయాణికుడు కొట్టాడు. ఆ వీడియో అందరూ చూశారు. దెబ్బ తిన్న ఆ పైలట్ ముందున్న సిబ్బంది గంటలు అయిపోతే వాళ్ల స్థానంలో వచ్చినవాడు. అంటే ఆ విమానాన్ని కదిలించడానికి వచ్చినవాడే దెబ్బ తిన్నాడు.

2025 డిసెంబరులో అసలేం జరిగింది? నిబంధనల వల్లేనా విమానాలు ఆగాయి?

వరుస చూడండి. నిబంధనలు వచ్చింది 2024 జనవరిలో. జూన్ 1 నుంచి అమలు కావాలి. సంస్థలు కుదరదంటే వాయిదా పడింది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టులో నడిచి, రెండు విడతల్లో అమలు చేస్తామని డీజీసీఏ చెప్పింది. 48 గంటల విశ్రాంతి లాంటివి 2025 జులై 1 నుంచి, రాత్రి నిబంధనలు నవంబరు 1 నుంచి. అంటే దాదాపు రెండేళ్ల వ్యవధి దొరికింది.

దేశంలో అతి పెద్ద సంస్థ ఇండిగో రోజుకి రెండు వేలకి పైగా విమానాలు నడుపుతుంది. కొత్త నిబంధనలకి సరిపడా పైలట్లు లేకుండానే శీతాకాలం షెడ్యూల్‌లోకి అడుగుపెట్టింది. డిసెంబరు 3 నుంచి 5 దాకా మూడు రోజుల్లో 2,507 విమానాలు రద్దయ్యాయి, 1,852 ఆలస్యమయ్యాయి, మూడు లక్షల మందికి పైగా ఇరుక్కుపోయారు. శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు మీద పార్లమెంటులోనూ బయటా ప్రశ్నల వర్షం కురిసింది. డిసెంబరు 6న ప్రభుత్వం టికెట్ ధరలకి కళ్లెం వేసింది: 500 కిలోమీటర్ల దాకా 7,500 రూపాయలు, 1,500 కిలోమీటర్లు దాటితే 18,000. ఇండిగోకి రాత్రి నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చారు. షెడ్యూల్‌లో 10 శాతం కోత పెట్టారు. తర్వాత డీజీసీఏ 22.20 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

నిబంధన అందరికీ ఒక్కటే. మిగతా సంస్థలు ఇబ్బంది పడ్డాయి గానీ ఇలా కూలబడలేదు. కాబట్టి నిబంధనని నిందించడం నాకు సబబు అనిపించదు. ఖాళీ లేకుండా బిగించిన రోస్టర్, ఆపి ఉంచిన నియామకాలు, చివరికి ఎలాగూ వాయిదా పడుతుందిలే అన్న ధీమా, ఇవీ అసలు కారణాలు. పండగ రోజు వంటవాళ్లు చాలకపోతే ఆకలిని తప్పుపట్టం కదా.

ఆ మినహాయింపు మాత్రం బాధాకరం. తయారవ్వని సంస్థకే సడలింపు దొరికింది.

అమెరికా, యూరప్‌లో ఎలా ఉంది?

అమెరికాలో డ్యూటీ ముందు కనీసం 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఆటంకం లేకుండా నిద్రపోయే వీలుండాలి. వారానికి ఏకబిగిన 30 గంటలు ఖాళీ. 28 రోజుల్లో ఫ్లైట్ టైమ్ 100 గంటలు, ఏడాదికి 1,000. ఇవి 2014 జనవరి 4 నుంచి అమల్లో ఉన్నాయి. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయాక, మృతుల కుటుంబాలు వాషింగ్టన్ చుట్టూ తిరిగి సాధించుకున్న చట్టం ఫలితం ఇది. ఆ ప్రమాదంలో కో-పైలట్ ముందు రాత్రి దేశం ఆ చివర సియాటిల్ నుంచి విమానాల్లో ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చింది. చిత్రమేమంటే సరుకు విమానాల పైలట్లకి ఆ నిబంధనలు తప్పనిసరి కాదు. పెట్టెలు మోసే విమానం నడిపేవాడికి నిద్ర రాదా?

యూరప్‌లో వారాంతపు విశ్రాంతి రెండు రాత్రులతో కలిపి 36 గంటలు, క్యాలెండర్ ఏడాదికి 900 గంటల ఫ్లైట్ టైమ్. అంటే 48 గంటల విషయంలో ఇప్పుడు మనమే ముందున్నాం.

ఎయిర్ హోస్టెస్‌లకీ ఇవే నిబంధనలా?

కాదు. కేబిన్ సిబ్బందికి విడిగా ఉన్నాయి, సూత్రం మాత్రం అదే. కావాల్సిన సంఖ్యలో కేబిన్ సిబ్బంది లేకపోయినా విమానం కదలదు.

నిబంధన దాటితే శిక్ష ఎవరికి?

సంస్థకి జరిమానా పడుతుంది. 2024 మార్చిలో డ్యూటీ గంటలు, సిబ్బంది అలసట నిర్వహణలో లోపాలకి ఎయిర్ ఇండియాకి డీజీసీఏ 80 లక్షల రూపాయల జరిమానా వేసింది. పైలట్‌కి కూడా బాధ్యత ఉంది. అలసిపోయి నడపలేని స్థితిలో డ్యూటీ ఎక్కకూడదు.

పైలట్ గంటలు అయిపోయి నా ఫ్లైట్ రద్దయింది. నాకేం వస్తుంది?

ఇంకో విమానంలో సీటు, లేదా పూర్తి డబ్బు వాపసు. ఏది కావాలో ఎంచుకునేది మీరు. ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే పరిహారం కూడా ఉంటుంది: గంటలోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, రెండు గంటల్లోపు 7,500, ఆపైన 10,000, లేదా బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. వాతావరణం లాంటి సంస్థ చేతిలో లేని కారణాలకి పరిహారం ఉండదు. సంస్థలు సహజంగానే ప్రతిదాన్నీ ఆ ఖాతాలో వేయాలని చూస్తాయి. మంచు పడింది నిజమే కావచ్చు, కానీ మంచు పోయాక పైలట్ లేకపోవడం ఎవరి లెక్క? అందుకే రద్దుకి కారణాన్ని మెసేజ్‌లోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. బోర్డింగ్ పాస్, హోటల్ బిల్లు దాచుకోండి. సంస్థ పట్టించుకోకపోతే ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

ఇలాంటి చిక్కులో పడకుండా టికెట్ కొనేటప్పుడే చూసుకోగలిగేది ఏమైనా ఉందా?

కొంత. శీతాకాలంలో ఉత్తరాది మీదుగా వెళ్లాల్సి వస్తే సాయంత్రం చివరి ఫ్లైట్ తీసుకోకండి. పొద్దున్నుంచి పేరుకున్న ఆలస్యమంతా దానికే తగులుతుంది, సిబ్బంది గంటలు అయిపోయేదీ అప్పుడే. అమెరికా విమానం అందుకోవాల్సినవాళ్లు రెండు టికెట్లూ ఒకే బుకింగ్‌లో కొనుక్కోండి. విడివిడిగా కొంటే మొదటిది రద్దయినప్పుడు రెండోదాని బాధ్యత ఎవరూ తీసుకోరు. పెళ్లికో వీసా ఇంటర్వ్యూకో వెళ్తుంటే ముందు రోజే చేరుకోండి.